నాలుగు గంటల జామపండ్లు

మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆటో ఆగగానే జామపండ్ల వాసన తగిలింది. పక్కనే నిలబడి ఎవరో “నువ్వేం చూసినవ్?” అని అడిగినట్టనిపించింది. ఆ ప్రశ్న రాజమణి సిస్టర్‌ది. నాంపల్లిలో మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళను పగలంతా చూసుకునే కేంద్రంలో ఆవిడ హెడ్ నర్సు. వాళ్ళకు నచ్చిన పనులు చేయించి పొద్దు పుచ్చడం నా ఉద్యోగం.

కొత్తలో నాకు సర్టిఫికెట్ల గర్వం జాస్తి. మా కేంద్రానికి వచ్చే నర్సింగరావు గారి ఫైల్లో తపాలా గుమాస్తా అని చదివి, పాత కవర్లు తెచ్చి ఊళ్ళవారీగా సర్దమన్నాను. ఆయన వాటిని విసిరికొట్టారు. సాయంత్రం నాలుగయితే చాలు, గేటు దగ్గరికి వెళ్ళేవారు. ఆపబోయిన వాచ్‌మన్ యాదగిరిని రెండుసార్లు తోసేశారు. ఇంకోసారి ఇలా జరిగితే పంపించేస్తామన్నారు యాజమాన్యం వారు. ఇంట్లో ఉన్నది ఒక్క కూతురే. ఆయన్ను పంపేస్తే ఆమె టీచరు ఉద్యోగం మానుకోవాల్సిందే.

మర్నాడు టీ తాగాక సిస్టర్ సిబ్బందినందరినీ పిలిచి మొదట నన్నే అడిగింది. “ఫైల్లో ఏముందంటే...” అని మొదలుపెట్టాను.

“ఫైలు నేను గూడ చదివిన. నువ్వేం చూసినవ్?”

ఆయన కవర్లు విసిరికొట్టడం తప్ప నేనేమీ గమనించలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందనేది నాలాంటివాళ్ళను చూసే అని ఉంటారు. ఆవిడ యాదగిరి వైపు తిరిగింది.

“సార్ కొట్లాటకు వస్తలేరు సిస్టర్. తువ్వాలు సంచి లెక్క పట్టుకుంటున్రు. ‘జర జరుగు, మంచి పండ్లు అయిపోతయ్’ అంటున్రు.”

కూతురికి ఫోన్ చేశాం. ఆఫీసు సంగతి ఆయన ఇంట్లో ఎన్నడూ ఎత్తేవారు కాదట. కానీ రోజూ సాయంత్రం ఈ మొజంజాహీ మార్కెట్లోనే జామపండ్లు ఏరి తెచ్చి, ఇంటిల్లిపాదికీ తానే పంచేవారట.

ఆ మర్నాడు నాలుగింటికి గేటు దగ్గర జామపండ్ల గంప ముందేసుకుని యాదగిరే కూర్చున్నాడు. నర్సింగరావు గారు ఒక్కో పండూ వాసన చూశారు. “గివి పచ్చివి. నాకు అంటగడుతున్నవా?” అని రెండు తీసి పక్కన పెట్టారు. సంచి నింపుకుని, గేటు సంగతే మరిచి, లోపలికొచ్చి అందరికీ పంచారు. నా చేతిలోనూ ఒకటి పెట్టి “తిను బిడ్డా” అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

“ఏడ్చుడు తర్వాత. రేపు పండ్లు ఎవరు తెస్తరో చెప్పు” అంది సిస్టర్. ఆ రోజు నుంచి వంతులేసుకుని తెచ్చాం. కూతురి ఉద్యోగం నిలబడింది.

సిస్టర్ రిటైరై చాలా కాలమైంది. ఈ పనిలో నాకు తెలిసిందల్లా ఆవిడ పెట్టిన భిక్షే. ఇప్పుడు టీ తర్వాత అందరినీ పిలిచేది నేను. మొదట వాచ్‌మన్‌ను అడుగుతాను, చివర్లో నేను చూసింది చెబుతాను. ఫైలు మాత్రం బల్ల మీదే వదిలేసి వస్తాను.