మూడు గుళ్ళు, మూడు చీరలు

న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌కి పదిమంది వస్తే క్లోజెట్‌లోని పాత అల్యూమినియం కాఫీ డ్రమ్ము బయటికి తీస్తాను. అది వేడెక్కగానే ముందు వచ్చేది కాఫీ వాసన కాదు. తడిసిన ఉన్ని కోట్లు, కొవ్వొత్తి మైనం, ఉడికిన క్యాబేజీ, అమ్మ గారెలు అన్నీ కలిసిన వాసన. నెబ్రాస్కాలో మేం గుడి అని పిలిచే మా ఊరి క్యాథలిక్ చర్చి కింది నేలమాళిగ వాసన.

నాన్న గుంటూరులో కిరాణా కొట్లో పెరిగి, అంతదూరం వచ్చి మళ్ళీ కిరాణా కొట్టే పెట్టారు. బేరం లేకుండా మా ఇంట్లో జ్వరం కూడా తగ్గేది కాదు. ఎనభైల మొదట్లో మా ఊరికీ, అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళకీ కలిపి ఒక్క ఫాదరే మిగిలారు. ఎనిమిదింటికి ఒకచోట పూజ ముగించి, మొక్కజొన్న చేల మధ్య దుమ్ము రేపుకుంటూ పదింటికి మా గుడికి వచ్చి, ఒక గారె నోట్లో, ఒకటి జేబులో వేసుకుని పన్నెండింటికి మూడో గుడికి పరిగెత్తేవారు. మంచి టైము మాకే దక్కిందని మిగతా రెండు ఊళ్ళూ మాతో మాట్లాడేవి కావు.

ఒక అక్టోబరులో కబురొచ్చింది: మేత్రాణులవారి, అంటే బిషప్పుగారి, ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి మూడు గుళ్ళలోనూ తలలు లెక్కపెడతాడట, జనం పలచబడిన గుడిని మూసేస్తారట. మా గుళ్ళో సగం బల్లలు ఖాళీ. భర్తని గుడి వెనకే పాతిపెట్టుకున్న ఆగ్నెస్ ఆంటీ మా కొట్టుకి వచ్చి, ఏమీ కొనకుండా నిలబడింది.

“గుడి మూస్తే ఆయన దగ్గరికి ఇంకెవరొస్తారు, థామస్?” అంది నాన్నతో.

నాన్నకి గుంటూరు కిటుకు గుర్తొచ్చింది. తనిఖీ రోజున పక్క కొట్టు బస్తాలు తెచ్చి మన కొట్లో పేర్చుకోవడం. ఏళ్ళ తరబడి పలకరింపుల్లేని మూడు ఊళ్ళూ వారంలో ఒప్పుకున్నాయి: అందరూ మూడు పూజలకీ వెళ్ళాలి. మరి అమ్మని గుర్తుపడితే? చీర మారిస్తే చాలన్నాను, పదేళ్ళ నేను. మూడు కౌంటీల్లో చీర కట్టేది అమ్మ ఒక్కతేనన్నది నా తెలివికి తట్టలేదు.

“దేవుణ్ణి కూడా మీ గుంటూరు ఇన్‌స్పెక్టరే అనుకున్నారా ఏంటి?” అంటూనే అమ్మ చీరలు సర్దింది.

ఆ ఇన్‌స్పెక్టరు ఒక కొట్టు చూసి పోయేవాడు. ఈ తలలు లెక్కపెట్టే ఆయన మూడు గుళ్ళ దగ్గరా ఫాదర్ కారులోంచే దిగాడు. పైగా ఫాదర్ చేతి అప్పం, ఆ సత్ప్రసాదం, రోజుకి ఒక్కసారే తీసుకోవాలన్న భయంతో, రెండో గుళ్ళోనూ మూడో గుళ్ళోనూ దాని కోసం ఒక్కరూ లేవలేదు. క్రిక్కిరిసిన బల్లల ముందు ఫాదర్ నిండు పాత్రతో అలా నిలబడిపోయారు. చివరి గుడి నేలమాళిగలో ఆ లెక్కలాయన గారె కొరుకుతూ అమ్మతో, “మూడింట్లో ఆకుపచ్చ చీరే బాగుందమ్మా,” అన్నాడు. నాన్న తన బూట్ల వంక చూసుకున్నారు.

ఉత్తరం రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. అందరూ ఒకే గుళ్ళో ఇంత చక్కగా సర్దుకోగలిగినప్పుడు మూడెందుకన్నారు. మాది మూసేశారు. గుడి సామాన్లు అమ్మిన రోజు ఈ కాఫీ డ్రమ్ముకి వాళ్ళడిగినంతా నాన్న ఇచ్చేశారు. ఆయన బేరమాడకపోవడం నేను చూసింది అదొక్కసారే. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఆ ఆదివారం పరిచయమైన మూడు ఊళ్ళవాళ్ళూ వంతులేసుకుని ఆగ్నెస్ ఆంటీ భర్త సమాధి మీద గడ్డి కోశారు.

ఇప్పుడు ఆంటీ కూడా ఆయన పక్కనే ఉంది. ఆ గడ్డి ఎవరు కోస్తున్నారో అడుగుదామంటే, ఆ మూడు ఊళ్ళలో నాకు తెలిసిన ఫోన్ నంబరు ఒక్కటీ మిగల్లేదు.