మంట లేని మందు

ఆసుపత్రిలో అతని అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ అతను కట్ల బాబాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా పుండ్లు కడిగి కట్లు కట్టడమే అతని పని. గుడ్డ పుండుకు అతుక్కుపోతే లాగడు. ఉప్పునీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తూ, రోగితో పిచ్చాపాటీ మొదలెట్టి, మాట మధ్యలో గుడ్డ తీసేస్తాడు. "నీ హస్తవాసి మంచిది బాబాయ్" అంటారు జనం. అతనూ కాదనడు. పొగడ్త ఎవరికి చేదు?

మందు రాశాక మాత్రం ఎవరినైనా ఒకటే అడుగుతాడు: "మండుతోందా?" అవునంటే "మంచిది, పనిచేస్తోంది" అని తల ఊపుతాడు. లేదంటే ముఖం మాడ్చుకుని ఇంకో రవ్వంత రాస్తాడు.

ఈ నమ్మకం అతనికి ఏ డాక్టరూ చెప్పింది కాదు, అక్క చెప్పింది. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు, అక్కకు పదహారు. మోకాలు దోక్కుపోయి ఏడుస్తూ వస్తే అక్క కుట్టుమిషను ఆపి, మందు రాసి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ "మండితేనే మానుతుందిరా చిన్నోడా, ఓర్చుకో" అనేది. ఆ మిషను తొక్కుతూనే అతన్ని చదివించింది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "ముందు చిన్నోడు స్థిరపడనీ" అనేది. చిన్నోడు స్థిరపడేసరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు. అక్క తమ్ముడింట్లోనే, కిటికీ పక్కన మిషను వేసుకుని ఉండిపోయింది.

అరవై అయిదో ఏట ఆ మిషను తొక్కుడు పలక అంచే అక్క కుడి మడమ పైన గీరుకుంది. అసలే షుగరు ఒళ్లు. గీత పొక్కయింది, పొక్కు పుండయింది. పుండులో మాత్రలకీ సూదులకీ లొంగని మొండి క్రిమి చేరింది. పెద్ద డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "రెండు నెలల్లో దారికి రాకపోతే ఎముకకు పాకుతుంది. అప్పుడిక కాలు తీయక తప్పదు."

అక్కను తను పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చాడు. సరిగ్గా అప్పుడే చర్మ వ్యాధుల డాక్టరమ్మ అక్కడి వార్డుల్లో ఒక కొత్త మందును పరీక్షకు పెట్టింది. అక్క పేరు కూడా రాసుకుంది. కట్ల బాబాయిని కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పింది.

"మందు కొత్తదేం కాదు బాబాయ్. పుండ్లకి మనం ఎప్పుడూ వాడేదే. కాకపోతే దాన్ని కంటికి కనపడని గుళికల్లో పెట్టారు. వెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత ఉంటుంది ఒక్కో గుళిక. క్రిమి గూడు కట్టుకున్న చోటికి దూరి, అక్కడ మందుని కొద్దికొద్దిగా వదులుతుంది."

సగం మందికి గుళికల మందు, సగం మందికి మామూలు మందు. ట్యూబులన్నీ తెల్లవే. మీద రోగి నంబరు చీటీ తప్ప ఇంకేమీ ఉండదు. ఎవరికి ఏది వచ్చిందో డాక్టరమ్మకు కూడా తెలియదు. ఆ జాబితా ఎక్కడో సీలు వేసి ఉంది, పరీక్ష ముగిశాకే తెరుస్తారు.

అక్క నంబరు పదకొండు. పక్క వార్డులో ఉలి జారి పిక్క తెగి, చీము పట్టి చేరిన వడ్రంగిది పన్నెండు.

మొదటిరోజు మందు రాసి అడిగాడు. "మండుతోందా అక్కా?"

"లేదురా. చల్లగా, హాయిగా ఉంది."

అతను ఇంకో రవ్వంత రాశాడు. పక్క వార్డుకు వెళ్లి రాస్తే వడ్రంగి మంచం పట్టె పట్టుకుని "అబ్బబ్బా! నిప్పులు పోశావయ్యా బాబూ!" అని కేక పెట్టాడు. వారం రోజులూ ఇదే వరస. అక్కకు చలవ, వడ్రంగికి మంట. వారం తిరిగేసరికి అక్క పుండు అంచున సన్నగా గులాబీరంగు తిరిగింది కూడా. అది మానుతున్న గుర్తని అతనికి తెలుసు. కానీ చిన్ననాటి నమ్మకం ముందు ఆ గోరంత రంగు ఏపాటి? డాక్టరమ్మ ఏం చెబితేనేం, మా అక్కకి ఉత్త జిగురు అంటగట్టారు, అసలు మందు వడ్రంగి కొట్టేశాడు అనుకున్నాడు.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం నర్సమ్మ టీకి వెళ్లిన సమయంలో, స్పిరిట్ దూదితో రెండు ట్యూబుల చీటీలూ ఊడదీసి అటుదిటూ ఇటుదటూ అతికించాడు. ప్లాస్టరు జిగురు వదిలించడం అతనికి కొట్టిన పిండి. ఎవరి ప్రాణం వాళ్లకి తీపి, నాకు మా అక్క ప్రాణం తీపి అని సర్దిచెప్పుకున్నాడు. కొత్త ట్యూబులు వచ్చిన ప్రతిసారీ అదే పని చేశాడు.

"మండుతోందా అక్కా?"

అక్క దుప్పటి అంచు పిడికిట పట్టింది. "మండుతోందిరా."

"హమ్మయ్య!" అతని ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి అక్క కూడా నవ్వింది.

"ఇవాళ చల్లగా ఉందేంటి బాబాయ్? మందు బదులు వెన్న రాశావా?" అన్నాడు వడ్రంగి. అతను విననట్టు కట్టు బిగించాడు.

అయిదో వారానికి వడ్రంగి పిక్క మీద కొత్త చర్మం పరుచుకుంది. ఆరో వారంలో అక్క కట్టు విప్పగానే వాసన వచ్చింది. ఆ వాసన అర్థం డాక్టర్లకన్నా ముందు అతనికే తెలుసు. అయినా "మండుతోందా?" అని అడిగాడు. "బాగా మండుతోందిరా, నువ్వేం దిగులు పెట్టుకోకు" అంది అక్క. అప్పటికి ఆ పాదంలో స్పర్శే లేదని తరవాత పెద్ద డాక్టరు చెప్పాడు. మోకాలి కింద కాలు తీసేశారు.

మరో నెలకు సీలు తెరిచారు. డాక్టరమ్మ అతన్ని గదికి పిలిచి కాగితం చూపించింది.

"మందు బాగానే పనిచేసింది బాబాయ్. మెల్లగా వదులుతుంది కాబట్టి మంట కూడా పుట్టదట. మీ అక్కగారికి వచ్చింది గుళికల మందే. మరి ఆవిడ ఒక్కరికే ఎందుకు పనిచేయలేదో నాకు అంతుపట్టడం లేదు."

అతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే చెప్పేశాడు. చీటీలు, స్పిరిట్ దూది, అన్నీ. ఆమె కోప్పడలేదు. కలం తీసి పదకొండునూ పన్నెండునూ అడ్డంగా కొట్టేసింది. "రేపట్నుంచి మీరు కట్లు కట్టొద్దు, స్టోరులో కూర్చోండి" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వెళ్లి అక్కకు కూడా చెప్పాడు. "తిట్టక్కా. నాలుగు దెబ్బలన్నా వెయ్యి."

అక్క మిషను వైపు చూస్తూ కూర్చుంది. "ఎవర్ని తిట్టమంటావురా? మండితేనే మానుతుందని నీకు నేర్పింది నేనే కదా." దుప్పటి కాలి మీదికి లాక్కుని, "పోనీలే, ఆ వడ్రంగి కాలన్నా నిలబడింది" అంది. ఆ మాటకు అతను గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఓదార్చడానికి లేచి రాబోయి, లేవలేనని గుర్తొచ్చి, అక్క మంచం మీదే ఆగిపోయింది.

కట్టు మార్చే వేళయింది. వేరే ఎవరినైనా పిలుస్తానన్నా ఆమె వినలేదు. అతను ఉప్పునీళ్లతో గుడ్డ తడిపి, మోకాలి కింద మిగిలినదాన్ని కడిగి, మందు రాశాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు, ఆపుకునేలోపే నోరు జారింది.

"మండుతోందా అక్కా?"

అక్క అతని ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు మోకాలు దోక్కుపోయి వచ్చినప్పుడు చూసినట్టే చూసింది.

"ఏం చెప్తే నీకు మనసు కుదుటపడుతుందిరా చిన్నోడా?" అంది.

అతను కట్టు చుడుతూనే ఉన్నాడు. గుడ్డ అయిపోయింది.