టీ తర్వాతి వేలం

మా గ్వెండా హోల్డ్‌స్‌వర్త్‌కు తన లెక్క తప్పవుతుందని ఎప్పుడూ అనిపించదు. వెల్లింగ్టన్ గాలికి గొడుగు తిరగబడినా తప్పు గాలిదేననే రకం.

దేశం మొత్తానికి కర్బన వ్యాపార పథకం రాసే పని ఆమె నడిపే మా చిన్న సలహా సంస్థకు వచ్చింది. సూత్రం తేలికే. ఫ్యాక్టరీ ఎంత పొగ వదిలితే అంతకు సరిపడా పర్మిట్లు కొనాలి. వాటిని ప్రభుత్వం వేలం వేస్తుంది, ఏటేటా తగ్గిస్తూ పోతుంది. ధర నిలబడకపోతే పథకం చచ్చినట్టే. అందుకే ముసాయిదా మంత్రిగారికి ఇచ్చేముందు, రేపు నిజంగా కొనబోయేవాళ్లనే పిలిచి ఉత్తుత్తి వేలం పెట్టాం.

వచ్చినవాళ్లలో సిమెంటు ఫ్యాక్టరీ మేనేజర్ వారిక్, గ్వెండా అక్క మొగుడు. ఈ దేశంలో అంతే, ఏ గది తలుపు తీసినా చుట్టమో, కలిసి రగ్బీ ఆడినవాడో తగులుతాడు.

మొదటి వేలం జోరుగా సాగింది. ఆనవాయితీ ప్రకారం గ్వెండా టీ, స్కోన్లనే చిన్న చీజ్ రొట్టెలు పెట్టించింది. టీ తర్వాత రెండో వేలం చీటీలు తెరిస్తే అందరిదీ ఒకటే ధర, అదీ కారుచౌక. స్కోన్లు నములుతూనే ఎవరికెన్ని పర్మిట్లో పంచేసుకున్నారు!

పర్యావరణ శాఖ అధికారి పిరిపి తల పట్టుకున్నాడు. “ఆ టీ ఏదో ఆపేద్దాం.”

“టీ ఆపితే ఈ దేశంలో ప్రభుత్వమే కూలుతుంది. టీ ఉండనీ, నియమం మారుద్దాం,” అంది గ్వెండా.

ఒకరి కుక్క పేరు ఒకరికి తెలిసిన దేశానికి, ఎవరికెవరూ కాని యూరప్ నియమాలు తొడిగింది తనే. ఆ మాట అందరిముందూ ఒప్పేసుకుని కొత్త నియమం చెప్పింది. కనీస ధర ఒకటి ప్రభుత్వం రహస్యంగా పెట్టుకుంటుంది. అంతకు తక్కువ రాసినవాళ్లకు ఒక్క పర్మిటూ దక్కదు.

వారిక్ ఆమెను పక్కకు పిలిచాడు. నేను కప్పులు సర్దుతున్నాను, చెవులైతే మూసుకోలేదు.

“ఏం మరదలా, మా ఊరి పొయ్యి ఆర్పడానికా ఇదంతా? మీ అక్క ఇల్లు నడిచేదీ ఆ బట్టీ మీదే. ఆ ధరేదో నా చెవిలో వేసెయ్.”

“నీకు చెబితే వాళ్లకీ చెప్పాలి బావా. అప్పుడిక పొగకి ధరేముంటుంది? కోపమొస్తే తెచ్చుకో.”

గొంతు తడబడలేదు గాని, అప్పటికే పంచదార వేసుకున్న టీలో మళ్లీ పంచదార వేసుకుంది. నాకు జాలేసింది.

మూడో వేలానికి ముందూ వాళ్లు గుసగుసలాడుకున్నారు. చీటీలు తెరిచాం. అందరిదీ మళ్లీ అదే చౌక ధర, వారిక్‌ది మాత్రం చాలా ఎక్కువ. పర్మిట్లు అతనొక్కడికే దక్కాయి.

“అదేంటయ్యా, ఇప్పుడేగా మాటిచ్చావ్?” అని పాలపొడి ఫ్యాక్టరీ ఆయన లేచాడు.

“ఇచ్చాను. నా బట్టీ చల్లారితే నువ్వొచ్చి రాజేస్తావా?”

పిరిపి మొహం వెలిగిపోయింది. ఇక ముసాయిదా మంత్రిగారికి ఇవ్వొచ్చన్నాడు.

వెళ్తూ వెళ్తూ వారిక్ గ్వెండా ముందు ఆగాడు. “నావాళ్ల ముందే నన్ను ద్రోహిని చేశావు.”

“అవును బావా. అందరూ చుట్టాలైన ఈ గదిలోనే పనిచేసిందంటే, ఇక ఈ నియమం ఎక్కడైనా పనిచేస్తుంది,” అంది గ్వెండా.

అతను చెయ్యి కలపకుండానే వెళ్లిపోయాడు.