మడికి ఇంగ్లీషు మాట

జీపీఎస్ డబ్బా కార్ అద్దానికి అంటించుకుని తిరిగే రోజులు. కాలిఫోర్నియాలో, శాన్ రామన్ లైబ్రరీలో నెలకోసారి కూర్చునే మా పుస్తకాల గుంపులో జపాన్ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఆ నెల మేం చదివింది వాళ్ళ దేశపు నవలాకారుడి వ్యాసాలు, శుచి గురించీ ఉనికి గురించీ ఆత్మ గురించీ. నాకు అర్థమైనంతలో ఆయన చెప్పేదొకటే: మురికి బయటినుంచి అంటేది కాదు, మనిషి తనలో ఏదైనా దాచుకున్న చోట పుడుతుంది. దొరికిందే సందని నేను "మాకూ ఇలాంటిదే ఉంది, మడి అంటాం" అంటూ పెద్ద ఉపన్యాసం దంచాను.

తర్వాత శ్రావణ శుక్రవారం నాడు ఆవిడ నా పుస్తకం తిరిగివ్వడానికి ఇంటికొచ్చింది. మా అత్తగారు మడికట్టుకుని పూర్ణం బూరెలు వండుతున్నారు. అత్తగారి చేతిలో పళ్ళెం జారబోతే నా స్నేహితురాలు చటుక్కున చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!" అని అత్తగారు వెనక్కి గెంతారు. "అమ్మాయ్, ఈవిడ్ని అవతలికి పొమ్మను. ఏమేం తినే చేతులో ఏమో!"

స్నేహితురాలు నాకేసి చూసింది. నాకు చెమటలు పట్టాయి. "దేవుడికి పెట్టేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, నేను కూడా" అని ఇంగ్లీషులో చెప్పాను. అబద్ధం కాదు. అత్తగారన్న రెండో మాట మింగేశానంతే.

"ఎంత బావుంది!" అని ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నైవేద్యం అయ్యాక బూరెలు తిని వెళ్ళింది. ఆ ప్లేటు డిష్‌వాషర్‌లో వెయ్యొద్దు, విడిగా కడగమన్నారు అత్తగారు. నోరెత్తకుండా కడిగాను.

పై నెల మీటింగ్‌లో నేను నోరు విప్పితే ఒట్టు. అయిపోయాక పార్కింగ్ లాట్‌లో ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నాకు ఆ రోజే తెలుసు," అంది. "కొందరు మా గుమ్మంలోకొస్తే మా అమ్మమ్మ మొహం కూడా అలాగే మారేది."

"మరి బావుందన్నారేం?"

"మీరు పాపం అంత అవస్థ పడుతుంటే, ఇంకేం అంటాను?"

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఓదార్చడానికి కాబోలు, ఆవిడ నా భుజం మీద వెయ్యబోయిన చేతిని మధ్యలోనే ఆపి, మెల్లిగా అడిగింది.

"ముట్టుకోవచ్చా?"