రెండో ఫారం

మా కాలేజీ జియాలజీ ల్యాబ్ అటెండరు పోయారని మొన్న సోమవారం పొద్దున ఫోనొచ్చింది. కొంతకాలంగా మంచంలో ఉన్నారని తెలుసు కాబట్టి ఉలిక్కిపడలేదు. చేతిలో ఉన్న పని ముగించి, మూడో రోజుకు సెలవు పెట్టి నరసరావుపేట బస్సెక్కాను.

మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం. రాయి పేరు లెక్చరర్లు చెప్పేవారు, అది ఏ సొరుగులో ఉందో బాబాయ్ చెప్పేవారు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవారు గానీ, స్కాలర్‌షిప్ నోటీసులో చివరి తేదీ ఎక్కడుంటుందో ఇట్టే వేలు పెట్టి చూపించేవారు. కొత్త నోటీసు వస్తే బోర్డుకు అంటించే ముందు ఒక రోజంతా చొక్కా జేబులోనే తిప్పేవారు. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చీవాట్లు పెట్టినా మానలేదు.

"అవసరమున్న పిల్లలు బోర్డు కాడ నిలబడరమ్మా. ఆళ్ళకి బస్సు టయమైపోతది" అనేవారు.

బస్సు పిల్లలంటే మాచర్ల, గురజాల వైపు నుంచి వచ్చేవాళ్ళు. నాపరాయి క్వారీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, కూలికి పోయేవాళ్ళ పిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు. జేబులో కాగితం వాళ్ళ కోసమే.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ప్రతి ఫారానికీ రెండు జిరాక్సులు తీయించేవారు. "మొదటిదాంట్లో అందరూ అబద్ధం రాస్తారు. రెండోది నిజానికి" అనేవారు. పాడైన ఫారాల్ని పారేయకుండా వాటితో రాళ్ళకు పొట్లాలు కట్టేవారు. మా ల్యాబ్ సొరుగుల నిండా మా అబద్ధాలు చుట్టుకున్న రాళ్ళే.

నా వంతు డిగ్రీ ఆఖరి ఏడాదిలో వచ్చింది. మా అబ్బా బోరు లారీ మీద పనిచేసేవాడు. డిగ్రీ తర్వాత చదివించలేనని ముందే చెప్పాడు. నా వెనక ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నారు, తప్పు పట్టడానికేమీ లేదు. అప్పుడు బాబాయ్ జేబులోంచి ఒక ఫెలోషిప్ కాగితం తీశారు. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న ఆడపిల్లలకు జియాలజీ ఎమ్మెస్సీ ఫీజు, హాస్టలు, ఫీల్డు టూర్ల ఖర్చు ఇస్తారట. అది వస్తే ఎమ్మెస్సీ. రాకపోతే చిలకలూరిపేటలో మా మామూ బట్టల కొట్లో కౌంటరు.

తండ్రి వృత్తి అన్నచోట "బిజినెస్" అని రాసి ఇచ్చాను.

"ఏందమ్మాయ్, మీ నాయన బిజినెస్ ఎప్పుడు పెట్టాడు? నాతో అనలేదే!"

"బోరు పనంటే ఏం బాగుంటది బాబాయ్?"

"బాగుండటానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా? బోరు ఏసేటప్పుడు మీ నాయన ఏం చేస్తాడో అది చెప్పు ముందు."

చెప్పాను. రాడ్డు దిగినప్పుడల్లా పైకొచ్చే రాతిపొడిని అబ్బా వరసగా కుప్పలు పోస్తాడు. రంగు మారితే కింద రాయి మారిందని రైతుకు చెబుతాడు. తడిసి ముద్దగా వస్తే నీళ్ళు దగ్గరపడ్డాయంటాడు. నా చిన్నప్పుడు నాకోసం ఒక్కో రంగు పొడీ పేపర్లో పొట్లం కట్టి తెచ్చేవాడు.

బాబాయ్ రెండో ఫారం నా చేతిలో పెట్టారు. "ఇదంతా ఇందులో రాయి. మన సార్లు బోర్డు మీద గీసేది మీ నాయన నేల మీద పోసి చూపిస్తన్నాడు. సిగ్గేంది నీకు?"

ఆ ఊపులోనే మా కాలేజీలో చదివి ఎమ్మెస్సీ చేస్తున్న ఒక అక్కకు ఫోన్ చేశారు. "మా పిల్ల ఒకటి వస్తది. ఇంటర్వ్యూలో ఎట్టా మాట్లాడాలో చెప్పు" అన్నారు. ఆ అక్క వారం రోజులు ఫోన్లోనే నన్ను తోమింది. తీరా ఇంటర్వ్యూలో పుస్తకం సంగతులు ఒకటో రెండో అడిగి, మిగతా సేపంతా ఆ కుప్పల గురించే అడిగారు.

ఫెలోషిప్ వచ్చింది. అబ్బా ఆ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకుని, "నా పనిలో అంత ఏముందమ్మా?" అన్నాడు. ఇప్పుడు నేను భూగర్భ జలాల సర్వే ఉద్యోగంలో ఉన్నాను. బాబాయ్‌కి ఈ ఉద్యోగం గురించి చెప్పాను గానీ, అది ఆయన వల్లేనని ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. అది మాత్రం బాధగా ఉంది.

నేను వెళ్ళేసరికి బాబాయ్ కొడుకు అరుగు మీద కూర్చుని మరణ ధ్రువపత్రం ఫారం నింపుతున్నాడు. రాసింది చదవమని పిన్ని అడిగింది. వృత్తి, లెక్చరర్ అని చదివాడు.

"అదేందిరా? మీ నాయన అటెండరు గదా."

"ఎక్కడెక్కడి నుంచో స్టూడెంట్లు వస్తన్నారమ్మా ఆయన కోసం. అటెండరని ఎట్టా రాసేది?"

"ఆయన ఏ రోజూ దాచుకోలా. నువ్వు దాస్తావేంది?"

అతను కింద ఉన్న ఇంకో జిరాక్సు పైకి తీశాడు. రెండు తెమ్మని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. అటెండర్ అని రాసి, మొదటిదాన్ని నలపబోతుంటే నాకిమ్మని అడిగాను.

నా చిన్నప్పుడు అబ్బా తెచ్చిచ్చిన రాతిపొడి పొట్లం ఒకటి నా ఆఫీసు బల్ల మీద ఇంకా ఉంది. దాని పేపరు ఎప్పుడో చిరిగింది. పొడిని ఆ ఫారంలో పోసి, "లెక్చరర్" అన్న మాట పైకి కనిపించేలా మడిచి పెట్టాను.