నూనె డబ్బా కింద గెలాక్సీ

కొలత విషయంలో పెద్దమ్మ మాటకు తిరుగులేదు. రేడియో టెలిస్కోపు ఆఫీసులో ఇరవయ్యారేళ్లు ఆకాశపు పటాల మీద స్కేలు పెట్టి కొలిచిన మనిషి. ఇంట్లో పెదనాన్న రొట్టె కోసినా, పరదా తగిలించినా ఒక కన్ను మూసి చూసి, "రెండు మిల్లీమీటర్లు ఎడమకు పోయింది" అనేది. తనవల్ల పొరపాటు జరిగిందని మాత్రం ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఒక్కసారీ ఒప్పుకోలేదు. "ఆ మాట నీ నోట వినకుండానే పోతానేమోనే" అని పెదనాన్న వాపోయేవాడు.

ఆఫీసులో పాతబడిన పటాలను తెచ్చి వంటింటి అల్మారా అరల్లో పరిచేది. గట్టి కాగితం, ఓ పట్టాన చిరగదు. ఉద్యోగం నుంచి దిగిపోవడానికి పదిరోజులుందనగా, ఒక ఆదివారం పొద్దున అర తుడుస్తూ చెయ్యి ఆపేసింది. పక్కపక్కన పరిచిన రెండు పటాలు ఆకాశంలోనూ పక్కపక్కవే. ఈ కాగితం మీదొక మచ్చ, ఆ కాగితం మీదొక మచ్చ, ఒకదానివైపు ఒకటి తోక చాచి ఉన్నాయి. నడుమ నూనె డబ్బా.

"ఏమండీ, ఆ డబ్బా తియ్యండి."

"ఏం, బొద్దింకా?" పెదనాన్న అప్పటికే చెప్పు చేతికి తీసుకున్నాడు.

"గెలాక్సీ."

పెదనాన్న చెప్పు కింద పెట్టేశాడు.

ఒకే గెలాక్సీ నడిబొడ్డు నుంచి రెండువైపులా చిమ్మిన, కంటికి కనబడని రేడియో మేఘాలవి. ఒకటే శాల్తీ. తొమ్మిదేళ్ల కిందట దాన్ని రెండుగా కొలిచి, రెండు నంబర్లిచ్చి ఆఫీసు గెలాక్సీల జాబితాకెక్కించింది ఎవరో కాదు, తనే. తను దిగిపోయే రోజునే కొత్త జాబితా అచ్చుకు పోతుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే ఇరవయ్యారేళ్ల పేరు గంగలో కలుస్తుంది.

రెండు రోజులు ఆ పటాలనే మళ్లీ మళ్లీ కొలిచింది. మూడోరోజు కాగితాలు చుట్టచుట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లింది.

"ఏంటమ్మా ఇది, మధ్యలో ఇంత గుండ్రంగా?"

"నూనె డబ్బా మరక సార్."

"అసలు గెలాక్సీ ఉండాల్సింది సరిగ్గా అక్కడే కదమ్మా!"

"అందుకే సార్, మళ్లీ చూడమంటున్నా."

టెలిస్కోపు అటు తిప్పారు. మరక ఉన్నచోట చిన్న రేడియో చుక్క తేలింది. అయితే మామూలు ఫోటోలో ఆ పక్కనే ఇంకో గెలాక్సీ నిండుగా వెలుగుతోంది. "ఇదే అయ్యుంటుంది" అన్నాడు డైరెక్టరు.

"కాదు సార్. అది దగ్గరది. దాని దూరం పట్టుకుంటే మనది సగానికి సగం కుంచించుకుపోతుంది. స్కేలుకు దూరం తెలియదు. దగ్గరి పిల్లీ, దూరపు పులీ దానికి ఒకే ఎత్తు. చుక్క కూర్చున్నది దాని పక్కనున్న ఈ మసక గెలాక్సీ మీద."

దూరం పెరిగేకొద్దీ గెలాక్సీ వెలుగు ఎర్రబడుతుంది; మసకదాని వెలుగు ఎంత ఎర్రబడిందో చూసి దూరం కట్టారు. నూరు కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ దూరాన ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాల పొడవు. మహా రేడియో గెలాక్సీ అనిపించుకోవడానికి ఇరవై మూడు లక్షలు చాలు. పులే!

"రెండు నంబర్లూ ఒకటి చేస్తే కింద కారణం రాయాలమ్మా. అచ్చుతప్పని రాసేద్దామా?" అన్నాడు డైరెక్టరు, మెల్లగా.

పెద్దమ్మ మరక మీద వేలు పెట్టింది. "అచ్చువాళ్లేం చేశారు సార్, పాపం? కొలిచింది నేను."

జాబితా ఇంటికొచ్చింది, పటాలు మళ్లీ అరకెక్కాయి. పెదనాన్న గెలాక్సీ బొమ్మవైపు కన్నెత్తి కూడా చూడలేదు. అడుగున చీమతలకాయంత అక్షరాలను భూతద్దం పెట్టి మూడుసార్లు పైకి చదివాడు: "గతంలో రెండుగా చూపడం కొలిచినవారి పొరపాటు." ఆ ముక్క కత్తిరించి అల్మారా తలుపు లోపల అంటించాడు.

"వంకరగా అంటించారు" అంది పెద్దమ్మ. "రెండు మిల్లీమీటర్లు."

ఆవిడ పోయి నాలుగేళ్లు. ఆ ముక్క ఇప్పటికీ వంకరగానే ఉంది. అర తుడవడానికి ఎవరు నూనె డబ్బా తీసినా, దాన్ని తిరిగి ఆ మరక మీద పెట్టేదాకా పెదనాన్న వెనకనుంచి కదలడు. ఒక కన్ను మూసి చూస్తాడు.

"అక్కడ కాదమ్మాయ్. ఇంకాస్త ఎడమకు."