కొంగులో గొళ్లెం

కాటారంలో బస్సెక్కిన ఆమె నా పక్కన కూర్చుని, కొంగులో ముడివేసిన బరువైన వస్తువేదో ఒడిలో పెట్టుకుంది. బస్సు కుదుపుకు ముడి జారి అది నా కాళ్ల దగ్గర పడింది. తీసి చూస్తే, తలుపుకు వేసే ఇనుప గొళ్లెం.

"ఇల్లు కడుతున్నావా అక్కా?" అన్నాను.

"కాదు చెల్లె. పొద్దుగాల కత్తి మొనతోటి ఊడదీసిన."

సర్కారు దవాఖాన కడుతున్నచోట ఆమె కూలీలకు వంట చేస్తుందట. వాళ్లది వేరే రాష్ట్రం. ఇంటికి పోతామంటే కంట్రాక్టరు పోనివ్వడు. వాళ్లు పడుకున్నాక షెడ్డుకు బయటినుంచి గొళ్లెం పెట్టిస్తాడు.

"బర్రెల కొట్టానికి పెడతరు గట్ల. మనుషులు పండే అర్రకు గొళ్లెం లోపలుండాలె."

"దీన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

"భూపాలపల్లిల సారు దగ్గరికి. గీ పని కంట్రాక్టరుకిచ్చింది ఆయనే. వచ్చినప్పుడల్ల గోడలు చూస్తడు, సిమెంటు చూస్తడు. కూలోళ్లు పండే అర్ర దిక్కు పోడు. గందుకే గిది ఆయన బల్ల మీద పెడ్త."

"నీ పని పోతే?"

"పోతది," అంటూ గొళ్లేన్ని మళ్లీ కొంగులో కట్టి, ఈసారి రెండు ముళ్లు వేసింది.

భూపాలపల్లిలో దిగిపోయింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

మొన్న బస్సు గూడూరు దాటాక, సగం కట్టిన సర్కారు బడి పక్కన రేకుల షెడ్డు కనిపించింది. తలుపుకు బయట గొళ్లెం వేసి ఉంది. కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి తడి తువ్వాల ఆరేస్తోంది.

కండక్టరును బస్సు ఆపమన్నాను.